పోయొస్తా అన్న పాపానికి

1. బయలుదేరే పొద్దు

ఇది చేత్తో రాస్తున్నాను. మా కాలంలో రాతకు విలువ లేదు. దొంగ కాగితాలు మితిమీరిపోయాయని తాతల నాడే రాతను కొట్టేసి, నోటిమాటనే పత్రం చేశారు. గడపకొక చెవి, అంటే మాట విని పట్టుకునే యంత్రం, బండికొక చెవి, రోడ్డు మీద గేటు గేటుకూ ఒక చెవి బిగించారు. ఆకలేసి "చచ్చిపోతున్నా" అంటే అంబులెన్సు వచ్చి వాకిట్లో నిలబడుతుంది. మా వీధి గంగన్న పక్కింటాయనతో మర్యాదకు "నా ఇల్లు నీ ఇల్లు కాదా" అన్నాడు. ఆ దెబ్బతో రెండు సంసారాలు చాన్నాళ్లు ఒకే వంటింట్లో కొట్టుకున్నాయి. అందుకని ఇప్పుడు అందరం ముందు "ఊరికే" అని, ఆ తర్వాతే మాట్లాడతాం. "ఊరికే, నా తల పగిలిపోతాంది" అంటే చెవి పట్టించుకోదు. రాతకు ఆ బెడద లేదు. ఇందులో ఏమన్నా చెల్లదు కాబట్టి ఏమైనా అనొచ్చు. నాలాంటి నోరున్న మనిషికి ఇంతకంటే హాయి ఏముంటుంది?

నా పేరు చౌడేశ్వరి. ధర్మవరం దగ్గర నీడ రోడ్డు మీద పలకలు తుడుస్తాను. ఎండకు రోడ్డు మీద మనుషులు మాడిపోతున్నారని రోడ్డు పొడవునా సోలారు పలకలతో కప్పు వేశారు కదా, ఆ పలకలు. వాటి మీద దుమ్ము పడితే పైన కరెంటు తగ్గుతుంది, కింద బండ్లు ఆగిపోతాయి. నా వంతు ముక్క ఎక్కడ అయిపోతుందో అక్కడ చీపురు ఆనించి, అవతలికి చూస్తూ నిలబడడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఆ రోడ్డు చివరికి సముద్రంలోకి దిగిపోతుందని లారీల వాళ్లు చెబుతారు. సగం జీవితం తుడిచిన రోడ్డు ఎక్కడికి పోతుందో నేను చూడలేదు. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఒంటరిగా దూరం పోవడానికి మనిషికి జన్మలో ఒకే ఒక్క పాసు ఇస్తారు. నాది నలభై దాటాక వచ్చింది. బండి పాతదే, కొనుక్కున్నాను. నడపడం కూడా నేర్చుకున్నాను. మా ఆయన మద్దిలేటి మా కూలీల క్యాంటీన్లో వంట చేస్తాడు. వెనక కూర్చున్నాడంటే కళ్లు గట్టిగా మూసుకుని నా నడుం పట్టుకుంటాడు, నేను సందు మలుపు తిరిగినా సరే. అలాంటి మనిషి పొద్దున్నే లేచి సంగటి, దాంట్లోకి చెనిక్కాయల ఊరిబిండి కట్టి బండికి తగిలించాడు. టైర్లు రెండూ వేలితో నొక్కి చూశాడు. ఏం తెలుసని నొక్కాడో ఆయనకే తెలియాలి.

"పోయొస్తా" అన్నాను.

"పోయిరా" అన్నాడు.

"మాట అందింది" అంది బండి.

2. అదే రోజు, తాడిపత్రి

నా ముక్క దాటాను! ఎప్పుడూ చీపురు ఆనించే స్తంభం ఎదురొచ్చింది. బండి ఆగలేదు, నేనూ ఆపలేదు. ఆ తర్వాత చాలాసేపు ఎందుకో నవ్వుతూనే ఉన్నాను.

పక్క ముక్క తుడిచేవాళ్ల పని చూస్తే ఒళ్లు మండింది. పలకల మూలల్లో పిచ్చుక గూళ్లు, పావురాల రెట్టలు. నేనైతే ఆ మేస్త్రీని నాలుగు దులిపేదాన్ని. అయినా నాకెందుకు, ఈరోజు నేను తుడిచేదాన్ని కాదు, ప్రయాణికురాలిని. దుమ్ములోంచి వచ్చే వెలుగు కూడా బాగానే ఉంది. ఒంటరిగా బండి మీద పోతుంటే మనతో మనం ఎంత మాట్లాడుకుంటామో ఇవాళే తెలిసింది. "ఊరికే, ఊరికే" అంటూ పాటలు పాడాను, మా ఆడబిడ్డను తిట్టాను, పదేళ్ల కిందటి గొడవకు ఇప్పుడు సరైన జవాబు చెప్పాను. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తు రావడం లేదు.

టీ తాగి బయలుదేరుతున్నాను.

3. అదే రోజు, ఎర్రగుట్ట మజిలీ

బండి ఆగిపోయింది.

తాడిపత్రి దాటి కొంత దూరం వచ్చాక రోడ్డుకు అడ్డంగా పచ్చ గీత, గేటు. పక్కన ప్రయాణికులు ఎండ గడిపే షెడ్డు. గీత ముందు బండి దానంతట అదే ఆగి, రేడియోలో వార్తలు చదివే గొంతుతో అంది:

"మీరు వస్తానన్నారు. ఇక్కడి నుంచి ముందుకు వెళితే సూర్యాస్తమయం లోపు తిరిగి ఇల్లు చేరలేరు. దయచేసి మళ్లించండి."

"ఎవురితో అన్న్యా వస్తానని?" అన్నాను.

అది నా గొంతే నాకు వినిపించింది. "పోయొస్తా."

ఇంట్లోంచి బయట కాలు పెడుతూ "పోతున్నా" అని ఏ మనిషైనా అంటాడా? అంటే ఇంట్లోవాళ్లు చెంప పగలగొట్టరూ? పోయేది ఎంత దూరమైనా, ఎన్నాళ్లయినా "పోయొస్తా" అనే కదా అంటాం. రోజూ పనికి పోతూ అదే అంటాను. సాయంత్రానికి ఇంటికి చేరతాను కాబట్టి చెవికి, నాకు ఎప్పుడూ పేచీ రాలేదు. మా వీధిలో ఎవరూ ఒక పూటలో తిరిగి రాలేనంత దూరం పోయిన పాపాన పోలేదు. ఈ మాటకు చెవి అర్థం ఇంకోటి ఉందని మాకెవరికీ తెలియలేదు.

ఇదంతా నిదానంగా దానికి చెప్పుకుని ఉంటే సరిపోయేదేమో. నాకంత నిదానం ఉంటే నేను చౌడేశ్వరిని ఎందుకవుతాను?

"రాను పో! ఎవురికి చెప్పుకుంటావో చెప్పుకో!" అని అరిచాను. "ఊరికే" అనడం మరిచిపోయాను.

చెప్పుకోమన్నాను కదా, వెంటనే గేటుకు చెప్పుకుంది.

"మీ మాటలు రెండున్నాయి" అంది గేటు చెవి. "వస్తానని ఒకటి, రానని ఒకటి. మొదటి మాట అందుకున్నవారు తేల్చేవరకు మీరు ఈ మజిలీ దాటరాదు."

బండి చక్రాలు బిగుసుకుపోయాయి. వెనక్కి తిప్పుదామన్నా కదలదు. నడిచి పోదామని మజిలీ వెనక చివరనున్న ఇంకో గీత దాటబోయాను. అక్కడి కమ్మీ కూడా కిందికి దిగింది. కప్పు బయట ఎండ తెల్లగా ఉంది. అందులోకి పోతే ఎంతసేపు బతుకుతానో నాకు తెలుసు, పలకల మీద పనిచేసే దాన్ని.

4. మజిలీలో, సాయంత్రం

ఈ మజిలీని చూసుకునే ఆవిడ పేరు పేరిందేవి. గోదావరి వైపు మనిషి. అక్కడి నీళ్లు ఊళ్ల మీదికి వచ్చాక ఈ పని ఇచ్చి ఇటు పంపారట. పొట్టిగా, చకచకా తిరుగుతూ ఉంటుంది. నాకు మంచం చూపించి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, అప్పుడు అడిగింది.

"ఎక్కడికండీ మరి ప్రయాణం?"

"సముద్రం చూసేకి."

"అయితే మా ఇల్లు కూడా చూసేస్తారు లెండి. అందులోనే ఉంది."

నీళ్లు తాగాను. ఆవిడ అదేమీ పట్టనట్టు గేటు చెవిని అడిగి నా రెండు మాటలూ వింది. విని నెత్తి కొట్టుకుంది.

"ఏవండీ, 'వెళ్లొస్తా' అనకూడదటండీ? 'వెళ్లొస్తా' అంటే చెవికి తెలుసు, అది సెలవు తీసుకునే మాటని. దీనికి మాట నేర్పినవాళ్లు మా వైపువాళ్లే కదండీ, 'ఊరికే' అనే మాటల్లో కలిపేశారు దాన్ని. 'పోయొస్తా' వాళ్లకి తెలియదండి. పోవడం, రావడం, అంతే అనుకుంటుంది ఇది. ఇప్పుడు మార్చి అన్నా మొదటి మాటే లెక్కండి."

అంటే ఒక్క మాట తేడా. మా అమ్మ నేర్పిన మాట అన్నందుకు నేనిక్కడ. వాళ్లమ్మ నేర్పిన మాట అనుంటే ఈపాటికి బద్వేలు దాటేసేదాన్ని. కోపం వచ్చింది. పేరిందేవి మీద కాదు, అయినా ఆవిడ మీదే అరిచాను. ఆవిడ పాపం నన్ను కూర్చోబెట్టి, జొన్నరొట్టె పెట్టింది.

తేల్చడమంటే ఏమిటో కూడా ఆవిడే చెప్పింది. మా ఆయన ఈ గేటు చెవికి వినబడేలా ఒక్క మాట అనాలి. "రా" అంటే బండి ఇంటివైపు కదులుతుంది, నా పాసు అయిపోయినట్టే. "పో" అంటే ముందుకు కదులుతుంది. రోహిణి కార్తె రాకముందే తేలాలి. రోహిణి వస్తే ఎండకు రోడ్డు మూసేస్తారు, మజిలీలో మిగిలినవాళ్లను బండితో సహా ఎత్తి ఇంటికి పంపేస్తారు. రోహిణి ఎంతో దూరం లేదు.

ఇంతే కదా అనుకున్నాను. ఒక్క అక్షరం. అనడానికి మా ఆయనకు ఏం కష్టం?

5. మొదటిసారి ఇంటితో మాట్లాడినప్పుడు

షెడ్డులో గోడకు ఒక చెవి ఉంది. దాని ముందు నిలబడి మా ఇంటిని కలపమని అడిగాను.

"ఏం మే చౌడీ! యాడుండావు? సముద్రం అగుపడిందా?"

"సముద్రమా నా మొగమా. ఎర్రగుట్ట కాడ ఇరుక్కున్యా."

అంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు "తిన్న్యావా" అని అడిగాడు.

"ఇప్పుడేం జెయ్యాల?"

"నువ్వు 'పో' అనాల. అంతే."

"పోయిరా."

"రా వద్దయ్యా! ఉత్త పో."

"పోయి..." అని ఆపుకున్నాడు. ఆపుకున్నా వెనకే "...రా" అని వచ్చేసింది.

"స్పష్టంగా లేదు" అంది గోడ చెవి.

మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. నవ్వు, కోపం రెండూ వస్తున్నాయి నాకు. చివరికి ఆయన గొంతు మారింది.

"ఊరికే చెప్తాండా మే, నా నోట్లోంచి ఆ మాట రాదు. వాకిట్లో కుక్కను గూడా నేనెప్పుడూ ఆ మాట అన్లేదు. దూరం బోయే మనిషిని, అందులో నిన్ను, ఎట్ల అనేది?"

"అనాల్సిందే."

"రేపు అంటాలే. పొద్దున్నే స్నానం జేసి, దేవునికి చెప్పుకోని అంటా."

ఆయన పక్కకు తప్పుకున్నాక పేరిందేవి నా దగ్గరకు వచ్చి కూర్చుంది. అంతవరకూ చెప్పకుండా దాచుకున్నది చెప్పింది.

"ఆయన అనలేకపోవడమే మంచిదేమో అండీ. మొగుడు పెళ్లాన్ని గానీ, పెళ్లాం మొగుణ్ణి గానీ 'పో' అంటే గేటుతో పాటు ఇంటి చెవి కూడా పట్టుకుంటుందండి. ఆ ఇంటికి మీరిక చుట్టమే. ఆయన రమ్మంటే లోపలికి వెళ్లడం, చీకటి పడేలోగా బయటికి వచ్చేయడం. తలుపు అంతకుమించి ఒప్పుకోదు."

"మల్లా చేర్చుకోదా?"

"ఇంట్లో ఇంకొకరు ఉండగా, 'పో' అనిపించుకున్నవాళ్లని చేర్చుకోదండి."

ముందుకు పోతే ఇల్లు లేదు. వెనక్కి పోతే రోడ్డు లేదు.

6. మజిలీలో, మర్నాడు

పొద్దున్నే నేనే ఇంటితో మాట్లాడాను. ఆయన అప్పటికే స్నానం చేసి, తడి తలతో చెవి ముందు కూర్చుని ఉన్నాడట. నోరు తెరవకముందే ఆపాను.

"ఊరికే చెప్తాండా, ఆ మాట అనొద్దు. అంటే నేను ఆ ఇంట్లో చుట్టమైపోతా." చుట్టమంటే ఏమవుతుందో కూడా వివరంగా చెప్పాను.

అంతా విన్నాడు. తర్వాత "గమ్మునుండు, నేను కనుక్కుంటా" అన్నాడు. ఏం కనుక్కుంటాడు? చారులో ఉప్పు ఎంత వేయాలో తప్ప ఇంకేదీ కనుక్కున్న మనిషి కాదు.

రోడ్డు ఆఫీసుకు ఫిర్యాదు చెప్పాను. "మీ మాట అందింది. విచారణ వానాకాలం తర్వాత" అని జవాబు. ఆ గొంతూ వార్తల గొంతే.

మధ్యాహ్నం నుంచి కాలు నిలవడం లేదు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాను, పచ్చ గీత దగ్గర వెనక్కి తిరుగుతాను, మళ్లీ నడుస్తాను. అవతల రోడ్డు తిన్నగా, నీడగా, నా కోసమే పరిచినట్టు కనిపిస్తోంది. దాన్ని చూడకూడదని అటు వీపు పెట్టి కూర్చుంటే ఇంటి వైపు రోడ్డు కనిపిస్తుంది. అదీ అంత తిన్నగానే ఉంది.

ఎండ దిగాక మచిలీపట్నం వైపు పోయే ఒక జంట బండి మీద వచ్చి, నీళ్లు తాగి, కాసేపు కూర్చున్నారు. ఆ అమ్మాయి నన్ను చూసి "మీరు రావడంలేదాండీ?" అని అడిగింది. ఆ అడగడంలో తప్పేం లేదు. అయినా పీక నొక్కాలనిపించింది. పోతూ పోతూ పేరిందేవితో "వెళ్లొస్తామండీ" అన్నారు ఇద్దరూ. గేటు హాయిగా తెరుచుకుంది. వాళ్లు తిరిగి ఇటు వచ్చేది లేదట, కాపురమే అక్కడికి మార్చేస్తున్నారు. పచ్చి అబద్ధం చెప్పినవాళ్లను పంపించింది. నిజంగా తిరిగి రావాలనుకున్న దాన్ని నన్ను పట్టుకుంది.

ఊరుకోలేక మజిలీ కప్పు ఎక్కి పలకలు తుడిచాను. వద్దన్నా వినలేదు. మూల మూలా తుడిచాను. దిగివచ్చేసరికి షెడ్డులో దీపాలు రెట్టింపు వెలుగుతున్నాయి. పేరిందేవి మురిసిపోయింది. నాకు మాత్రం ధర్మవరంలోనే ఉన్నట్టు అనిపించింది.

7. రోహిణి ముందు రోజు

రేపు రోడ్డు మూస్తారు. ఎత్తుకుపోయే లారీ తాడిపత్రి నుంచి బయలుదేరిందని గేటు చెవి చెప్పింది.

గాలి లేదు. కుండలో నీళ్లు కూడా వేడిగా ఉన్నాయి. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. ఇన్నాళ్లూ పళ్లు బిగించి కూర్చున్నాను గానీ ఇవాళ నా వల్ల కాలేదు. సిగ్గు విడిచి గోడ చెవి ముందు నిలబడి ఏడ్చాను.

"ఇంక చాలయ్యా. నన్ను రమ్మను. ఇంటికొచ్చేస్తా."

గోడ చెవికి ఇంకా దగ్గరగా జరిగాను.

"ఇనపడ్తాందా? రమ్మను."

"ఊరికే చెప్తాండా, నేనన్ను" అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేదు. ఇరవై ఏళ్లలో నా మాటకు ఎదురు చెప్పని మనిషి.

"ఏందీ?"

"ఊరికే చెప్తాండా. నేను రమ్మంటే నువ్వొస్తావు. వచ్చి మల్లా చీపురు పట్టుకుంటావు. ఆ కంబం కాడికి పోయి అట్లే నిలబడుకోని సూస్తావు. నేను దినామూ క్యాంటీను కిటికీలోంచి నిన్ను సూస్తాండ్లా? నువ్వు అట్ల నిలబడినప్పుడల్లా నాకు కూడు దిగదు. నేనన్ను."

ఆయన నన్ను చూస్తుంటాడని నాకు తెలియదు. క్యాంటీనుకు అటువైపు కిటికీ ఉందన్న సంగతే నేనెప్పుడూ పట్టించుకోలేదు. కోపం వచ్చింది, ప్రేమా వచ్చింది, ఏది ముందో చెప్పలేను.

"అయితే నన్ను ఈడనే సావమంటావా?" అన్నాను. "ఊరికే" అనడం మరిచిపోయాను. పేరిందేవి పరుగున వచ్చి అంబులెన్సు వద్దని చెప్పుకోవలసి వచ్చింది.

"సాయంత్రం దంకా ఉండు" అన్నాడు మా ఆయన. "బండి తుడిచి పెట్టుకో."

8. అదే సాయంత్రం

ఆయనే పిలిచాడు. మా ఇంటి నుంచి పిలుపు అని గోడ చెవి చెప్పగానే లేచాను. పేరిందేవి బయటికి పోబోయింది. ఉండమని చెయ్యి పట్టుకున్నాను.

"మే చౌడీ. ఊరికే చెప్తాండా, అంతా ఇను, నడుమ మాట్లాడొద్దు. నేను ఇంటి చెవిని అడిగినా. మొగుడూ పెండ్లామూ ఇద్దరూ బయటుంటే ఏంది కత అని. ఇద్దరూ లేకుంటే ఇల్లు ఖాళీ అంట. ఖాళీ ఇంట్లోకి కొత్త జంట ఎవురైనా దిగొచ్చంట. ఇద్దరూ గడప ముందర నిలబడుకోని, ఒకరి పేరు ఒకరు చెప్పాలంట, మన పెండ్లిలో మాదిరి."

మంచం కోడు పట్టుకున్నాను.

"పెండ్లినాడు మా అక్కచెల్లెండ్లు గడపకు అడ్డం నిలబడి నీ పేరు చెప్పమంటే నేను సిగ్గుపడి ఎంతసేపో చెప్పలే. ఎండలో నీకు కండ్లు తిరిగినాయి. ఈసారి బిరబిర చెప్తా." నవ్వుతున్నాడో ఏమో, గొంతు తడిగా ఉంది. "గిన్నెలు అరుగు మీద పెట్టుకున్యా. పగలు క్యాంటీన్లో ఉంటా. రేత్రి అరుగు మీద పండుకుంటా. గంగన్న వాళ్లింట్లో పండుకోమన్నాడు గానీ, వాళ్లింటి సంగతి మనకు తెలుసు గదా."

"నువ్వు ఎన్నాళ్లని ఆ అరుగు మీద..."

"మాట్లాడొద్దంటిని. నేను ఇప్పుడు గడప మిందనే నిలబడుకోనుండా. నువ్వు బండెక్కు."

బండెక్కాను. షెడ్డులోంచే గోడ చెవి వినిపిస్తుంది. పేరిందేవి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"బాగా చూడు" అన్నాడు ఆయన. "తొందరేం ల్యా. కడుపునిండా చూడు. చూసి..."

ఆగిపోయాడు. ఆ పక్కన ఏ మాట ఉందో నాకు తెలుసు. పేరిందేవికి తెలుసు. మా ఇద్దరి మధ్య ఉన్న చెవులన్నీ ఆ ఒక్క అక్షరం కోసమే కాచుకుని ఉన్నాయి. ఆయన దాన్ని మింగడం నాకు వినబడింది. నిజంగానే గుటక వినబడింది.

"పో" అన్నాడు.

"మాట తేలింది" అంది గేటు. బండి చక్రాలు వదులయ్యాయి.

"నేను గూడా పోతాండా" అన్నాడు మా ఆయన. ఆ మాట నాతో కాదు, ఇంటితో. తర్వాత మా తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, కింది చెక్క కొంచెం రాసుకుంటుంది.

"అయ్యా!" అని పిలిచాను. "ఇనపడ్తాందా?"

"ఆ ఇంట్లో ఎవరూ లేరు" అంది గోడ చెవి.

పేరిందేవి నా దగ్గరకు వచ్చింది. వెళ్లిరమ్మనకూడదు, వెళ్లమనడానికి నోరు రాదు, ఏం చేస్తుంది? బండి హ్యాండిలు మీద చెయ్యి వేసి, "ఊరికే, మా ఇంటిని అడిగానని చెప్పండి" అంది. నేను తల ఊపాను. తల ఊపితే ఏ చెవికీ వినబడదు.

పచ్చ గీత దాటాను. ఇన్నాళ్లూ అరిచి, తిట్టి, ఏడ్చి దాటాలనుకున్న గీత అది. దాటుతుంటే సంతోషం రాలేదు. మా అరుగు మీద రాత్రి దోమలుంటాయి, ఆయనకు దుప్పటి తల దాకా కప్పుకునే అలవాటు లేదు. ఆ ఆలోచనతోనే చాలా దూరం నడిపాను.

9. బద్వేలు దాటాక, పెద్ద గేటు

సముద్రం వైపు ఇదే ఆఖరి గేటు. తెల్లవారుతోంది. నా వెనక రోడ్డు మూసేశారని, మళ్లీ వాన పడేదాకా అటు పోవడం కుదరదని బండి దారిలోనే చెప్పింది. ముందు ఎండ తక్కువట, ఇటు తెరిచే ఉంది.

ఒక్కదాన్నే ఉన్నాను గేటు ముందు.

"పాసు?"

"ఒంటరిది."

"ఇల్లు?"

ధర్మవరం అని నోటి చివరి దాకా వచ్చింది. అబద్ధమవుతుంది.

"ల్యా" అన్నాను.

"తోడు?"

"ఉండాడు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఒంటరి పాసు మీద తోడు ఉండకూడదు. మళ్లీ రెండు మాటలు. ఈసారి తేల్చడానికి ఇంట్లో మనిషి కూడా లేడు. "ఊరికే అన్న్యా" అని ఒక్క మాట కలిపితే సరిపోయేది. నా నోరు ఎప్పుడూ ఊరుకోదు కదా, అప్పుడు మాత్రం ఆ మాట అనడానికి లేవలేదు.

"ఎక్కడున్నారు?" అని అడిగింది చెవి.

"ఇంటి బయట."

అది చాలాసేపు ఏమీ అనలేదు. ఈ మాటకు అర్థం ఎవరు నేర్పి ఉంటారు దానికి? బండి స్విచ్చి ఆపి, హెల్మెట్ తీసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపైనా కూర్చుంటాను, మాట మాత్రం మార్చను అనుకున్నాను.

గేటు తెరుచుకుంది.